పూడ్చిన గుంత

సిరిసిల్లలో మా గల్లీవాళ్ళకు నేను కరెంటు మేడంని. ఎవరింట్లో ఫ్యూజు పోయినా, ఎవరి సాంచా మోటారు కాలిపోయినా ఫోను నాకే వస్తుంది. "పెద్దమ్మా, నాది గా కరెంటు గాదు, పెద్ద పెద్ద టవర్ల మీదికెళ్ళి పోయే కరెంటు" అని మా పక్కింటామెకు పదిసార్లు చెప్పాను. "ఏదైతేంది బిడ్డా, రెండూ షాకే గొట్టవా? జెర గా లైన్‌మన్‌కు ఫోన్ కొట్టు" అంటుంది. కొడతాను. కొట్టకపోతే ఆమె ఊరుకోదు, కొడితే లైన్‌మన్ ఊరుకోడు. మాది నేతపని ఇల్లు. మా నాన్న ముందు చేమగ్గం నేశాడు, తర్వాత ఇంకొకరి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలీకి పోయాడు. కరెంటు పోతే ఆయనకు ఆ పూట కూలీ పోయినట్టే. అందుకని నేను కరెంటు ఉద్యోగం తెచ్చుకున్ననాడు మా గల్లీ అంతా ఇక మాకు కోతలుండవని సంబరపడింది.

నిజానికి నేను టవర్లు కట్టను. అవి ఎక్కడ నిలబడాలో ముందుగా కాగితం మీద చెప్తాను. కరెంటు పుట్టే చోటు ఒకటి, ఖర్చయ్యే చోటు ఇంకొకటి. అంత దూరం మామూలు తీగల మీద పంపిస్తే దారిలోనే చాలా భాగం వేడైపోతుంది. అందుకే ఒత్తిడి బాగా పెంచి, ఎత్తయిన టవర్ల మీద పంపిస్తారు. ఆ తీగలు ఏ ఊరి పక్కనుంచి, ఏ గుట్టను తప్పించుకుని, ఎవరి భూమి మీదుగా పోవాలో తేల్చడం జగిత్యాల ఆఫీసులో మూలనున్న నా టేబుల్ పని. వినడానికి గొప్పగా ఉంటుంది. చేసేది మాత్రం పొద్దంతా గీత గీయడం, ఎవరో వచ్చి లొల్లి పెడితే చెరపడం.

గీత తిన్నగా ఉంటే మాకు ప్రాణం సుఖం. తిన్నటి గీతలో టవరు తీగల బరువు మోస్తే చాలు. మలుపు దగ్గర అట్లా కాదు, రెండు వైపుల తీగలూ దాన్ని పక్కకు గుంజుతాయి. అక్కడ ఇనుము ఎక్కువ, పునాది లోతెక్కువ. కాబట్టి మలుపు పెట్టిన ప్రతిసారీ పైవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవాలి. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది, సంజాయిషీ చెప్పడమంటే ఒళ్ళు మంట.

నేను చెప్పబోయే లైను కోరుట్ల వైపు నుంచి సిరిసిల్ల వైపు వచ్చేది. మొదట నేను గీసిన గీత చక్కగా ఉండేది. మూడు మలుపులే. అది కోరుట్ల బయట ఇళ్ళ స్థలాల మీదుగా పోయింది. ఇళ్ళ స్థలాలంటే ఇళ్ళేం లేవు, సున్నం కొట్టిన హద్దురాళ్ళు, ఒక కమాను, అంతే. వారం తిరక్కుండా ఆ స్థలాలవాళ్ళు పదిమంది, చుట్టిన మ్యాపులు చంకన పెట్టుకుని జగిత్యాల ఆఫీసుకు దిగారు. ఒకాయన నా టేబుల్ మీద మ్యాపు పరిచి, నా చాయ్ గ్లాసు తీసి పక్కన పెట్టి మరీ, "మేడం, మీరు ఫ్యూచర్ చూడాలె" అన్నాడు. "ఫ్యూచర్ల కరెంటు ఒద్దా మీకు?" అన్నాను. మా పెద్దసారు నావైపు గుడ్లురిమి చూశాడు. సాయంత్రానికల్లా గీత పడమటికి జరపమన్నాడు.

జరిపాను. కొట్లాడాననుకోండి, కానీ జరిపాను. జరిపితే గీత ఎల్లారెడ్డిపేట అవతలి చెలకల మీదికి పోయింది. చెలకంటే వానను నమ్ముకుని వేసుకునే మెట్టభూమి. అక్కడ కొత్తగా ఒక మలుపు వచ్చింది. "మలుపు ఎక్కువైంది కదా, అక్కడ అభ్యంతరాలొస్తే?" అని మీటింగులో ఎవరో అడిగారు. "చెలకలవాళ్ళు ఆఫీసుదాకా రారు సార్" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకొకరి మీద తోసేయాలని చాలాసార్లు అనిపించింది గానీ మీటింగు రిజిస్టరులో నా పేరు మీదే ఉంది.

సర్వేకు పోయిన రోజు ఎండ మాడ్చేస్తోంది. నాతో వచ్చిన సర్వేయరు ధర్మపురి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్దవాడు. పొద్దుటి నుంచి ఆరు ఊళ్ళు తిరిగాం. మలుపు టవరు పడే చోటుకు వచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. నేను బండిలోనే కూచున్నాను, చేతిలో ఫారం. ఆయన యంత్రం భుజాన వేసుకుని చెలకలోకి పోయాడు. దూరంగా గట్టు మీద ఒక ముసలామె నిలబడి ఆయనతో ఏదో చెప్తోంది. ఆయన నావైపు తిరిగి కేకేశాడు.

"మేడం, గీడ బొందున్నదట!"

"ఎంత లోతుందట?" అని నేనూ అరిచాను.

"లోతేంది మేడం, పూడ్చిండ్రట!"

"పూడ్చితె ఇంకేంది, ఇగ రా! ఎండకు సస్తున్నం!"

ఫారంలో 'అడ్డంకులు' అన్న గడిలో రాశాను: పూడ్చిన గుంత. సాగు లేదు. అభ్యంతరం లేదు.

మా వైపు బొంద అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. మొక్క పెట్టడానికి తవ్వేదీ బొందే, మనిషిని పెట్టడానికి తవ్వేదీ బొందే. పూడ్చడం కూడా అంతే, మట్టితో గుంత పూడుస్తారు, మనిషినీ పూడుస్తారు. ఆంధ్ర నుంచి వచ్చిన ఇంజనీరైతే పొరపడ్డాడంటే అర్థముంది. నేను సిరిసిల్లదాన్ని. ఎవరిమీద విసుగొచ్చినా 'నీ బొంద' అనకుండా నాకు పొద్దు గడవదు. ఆ తిట్టులో బొందంటే ఏదో నాకు తెలియదా? తెలుసు. ఆ ముసలామె ఒక గుంత గురించి చెప్పడానికి ఎండలో గట్టు మీద నిలబడి ఉండదని కూడా ఆలోచిస్తే తెలిసేది. రెండు అర్థాల్లో నా గీతకు పనికొచ్చేది తీసుకుని రాసేశాను. సర్వేయరు, మేడంకు అర్థమైంది కదా, ఆమే చూసుకుంటుంది అనుకున్నాడట. తర్వాత అడిగితే అదే చెప్పాడు, పాపం తలకాయ దించుకుని.

కొన్ని నెలలకు పునాదులు మొదలయ్యాయి. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ, కాంక్రీటు పోసుకుంటూ మలుపు దగ్గరికి వచ్చారు. ఒక పొద్దున నేను ఆఫీసులో టిఫిన్ డబ్బా తెరిచేసరికి పునాదుల మేస్త్రీ ఫోను.

"మేడం, ఓ ముసలవ్వ మార్కింగుల నడుమ కూసున్నది, లేస్తలేదు. గీడ మా ముసలాయన ఉన్నడంటది. గీడ ఎవ్వలు లేరు మేడం, ఉత్త చెలక. కాగితంల గూడ పూడ్చిన గుంత అనే ఉన్నది."

డబ్బా మూసేశాను. అతనికి అర్థం కాలేదు గానీ నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. "మిషన్ బంద్ చెయ్యి. నేనొచ్చేదాకా పార గూడ ముట్టొద్దు" అన్నాను. జగిత్యాల నుంచి అక్కడిదాకా దారిలో ఎన్ని సాకులు వెతుక్కున్నానో! ఎండ, అలసట, సర్వేయరు, కోరుట్ల స్థలాలవాళ్ళు, మా పెద్దసారు. ఊరు దగ్గరపడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ముసలామె నిజంగానే కూచుని ఉంది, నాలుగు మూలల కొట్టిన మేకుల మధ్య, కాళ్ళు చాపుకుని. ఆమె పక్కన మట్టి కొంచెం ఉబ్బి ఉంది. తలవైపు ఒక రాయి, కాళ్ళవైపు ఒక రాయి, వాటికి పాత సున్నం పెచ్చులు. పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, ఏటా సున్నం వేసి, ఆయన పేరున కల్లు సాక పోస్తుందట. ఆ రోజు బండి దిగి వంద అడుగులు నడిచి ఉంటే నాకు కనబడేది.

"నువ్వేనా పెద్ద మేడమంటె?" అంది.

"పెద్ద గాదు అవ్వా, నడిమి మేడంను."

"అయితె నువ్వూ కూసో. పెద్దోళ్ళు వచ్చేదాక ఇద్దరం కూసుందం."

కూచున్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మేస్త్రీ మీద మాత్రం చెయ్యి ఊపింది. "గీ పిలగాడు కాగితంల గుంత అని ఉన్నదంటడు. పూడ్చిన గుంతనే బిడ్డా. నేనే పూడ్చిన. గీ చేతులతోటి మన్ను పోసిన."

వాళ్ళది తరతరాలుగా భూమి లేని కులం. ఇంకొకరి పొలాల్లో జీతమున్నారు, నాట్లేశారు, కోతలు కోశారు. చచ్చిపోతే వాగొడ్డున పెట్టేవాళ్ళు. "మా అత్తను, మామను ఆడనే పెట్టినం. వానకాలం వాగచ్చి ఒడ్డు కోసుకపోయింది. ఇప్పుడు వాళ్ళు ఏడున్నరో ఎరుక లేదు" అంది. తర్వాత సర్కారు ఈ రెండెకరాలు పట్టా చేసింది. భర్త పోయేముందు ఆమెకు ఒకటే మాట చెప్పాడట, నన్ను ఎవరి జాగలో పెట్టొద్దు, నా జాగలో పెట్టు అని. వాళ్ళ వంశంలో సొంత మట్టిలో పండుకున్న మొదటి మనిషి ఆయన.

"గుంత అని రాసింది ఎవలు?" అని అడిగింది.

మేస్త్రీ నన్ను చూశాడు. సర్వేయరు రాశాడని చెప్పేస్తే అయిపోయేది. ఆయన అక్కడ లేడు కూడా.

"నేనే అవ్వా."

"నీది ఏ ఊరు?"

"సిరిసిల్ల."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "సిరిసిల్లదానివా! బొందంటె ఎరుక లేదా నీకు?"

"ఎరుకనే."

"ఎరుకుండి రాసినవా?"

"తొందరల రాసిన. తప్పయింది అవ్వా."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆఫీసులోగానీ బయటగానీ నేను ఎవరితోనూ ఆ మాట అనలేదు. సవరణ అన్నాను, మార్పు అన్నాను, సాంకేతిక కారణాలన్నాను. తప్పయిందని అనలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పెద్దసారుకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఆయన ఇంజనీరు, ఇంజనీరులాగే ఆలోచించాడు. "టవరుకు నాలుగు కాళ్ళు. సమాధి సరిగ్గా మధ్యలోకి వచ్చేట్టు నాలుగడుగులు అటూఇటూ సర్దు. తవ్వేది కాళ్ళ దగ్గరే కదా, సమాధిని ముట్టుకోం. సమస్య లేదు" అన్నాడు. వినగానే నాకూ అబ్బ, ఎంత తేలికైన మార్గం అనిపించింది. ఫోను పెట్టేసి ఆమెకు చెప్పాను. ఆయన్ని కదిలించం అవ్వా, టవరు కాళ్ళ నడుమ భద్రంగా ఉంటాడు అన్నాను.

ఆమెకు అప్పుడొచ్చింది కోపం. చేతులు నేలకు కొట్టి లేచి నిలబడింది. "కాళ్ళ నడుమనా? ఒకల కాళ్ళకాడ బతుకుడు సాలనే గదా సొంత జాగల పెట్టుమన్నడు! సచ్చినంక గూడ కాళ్ళ నడుమ పెడ్తరా? నువ్వు సదువుకున్నదానివేనా?"

ఆ సౌకర్యం నాకు బాగుందనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మళ్ళీ ఆఫీసుకు వచ్చి రెండు రోజులు ఆ ఒక్క టవరు మీదే కూచున్నాను. చిక్కేమిటంటే అటూ ఇటూ పునాదులు పడిపోయాయి. రెండు తిన్నటి గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడే మలుపు ఉండాలి, ఇష్టమొచ్చిన చోట పెట్టడానికి లేదు. పక్క టవర్లు రెండు డిగ్రీల దాకా వంపు ఓర్చుకుంటాయి. ఆ రెండు డిగ్రీలతో మలుపును కొన్ని మీటర్లు లాగొచ్చు. తూర్పుకు లాగితే పక్క రైతు రెండు గదుల ఇల్లు తీగల కిందికి వస్తుంది. తీగల కింద ఇల్లు ఉండనివ్వరు. ఉత్తరానికి లాగితే చిన్న లైనొకటి అడ్డం. దక్షిణానికి రోడ్డు. మిగిలింది పడమర. పడమరన ఏముందో ఉపగ్రహం ఫోటోలో చూశాను. ఆ రెండెకరాల ఎర్ర చెలకలో ఒక్కటే పచ్చటి ముక్క ఉంది. అది ఆమె మడి.

ఈసారి ఫోటోను నమ్మలేదు. సర్వేయరును వెంటబెట్టుకుని పోయి, దిగి, చుట్టూ నడిచాను. బోరు కింద అరెకరం కూడా లేని వరిమడి. ఆ చెలకలో అంత నల్లటి మట్టి ఎట్లా వచ్చిందని అడిగాను.

"చెరువు మన్ను బిడ్డా. ఎండకాలం చెరువెండినప్పుడు ఆయనొక తట్ట, నేనొక తట్ట. ఎన్ని ఏండ్లు మోసినమో! మెడలు అరిగినయి. మడి అయినంక మొదటి పంటకు పిలిచి ఊరోళ్ళకు బువ్వ పెట్టిండు, అప్పుడన్న ఊకుంటడా, ముందు నువ్వు తినవే అని నాకే పెట్టిండు." నవ్వింది. ఆ మడి మీదే తిండిగింజలు. మిగతా చెలకలో వాన పడితే పత్తి, పడకపోతే ఏమీ లేదు.

నేను చెప్పవలసింది చెప్పాను. డొంకతిరుగుడు లేకుండా, మొత్తం చెప్పాను. ఆయన ఉన్న చోట తవ్వకుండా ఉండాలంటే టవరు ఈ మడిలోకి రావాలి. నాలుగు కాళ్ళు పడితే మడి సగం పోతుంది. మిగిలిన సగంలో నాటు వేసుకోవచ్చు గానీ నాగలి తిప్పడం కష్టం. పరిహారం వస్తుంది, కానీ ఈ మట్టి రాదు. రెండూ వద్దంటే కోర్టుకు పోవచ్చు, నేనే కాగితాలు రాసిస్తాను, ఫారంలో తప్పు నాదేనని కూడా రాసిస్తాను. ఆ చివరి మాట పెద్దసారుకు తెలిస్తే నా ఉద్యోగానికి ఎసరు వస్తుంది. అయినా అన్నాను, నిజంగానే రాసిచ్చేదాన్ని.

"కోర్టులేంది, ఆయనకు గవి నచ్చయి" అంది ఆమె. మడిలోకి దిగి కొంచెం మట్టి తీసి పిడికిట్లో పట్టుకుని చూసింది, మళ్ళీ అక్కడే వేసింది. "ఏడెనిమిదేండ్లు మోసిన మన్ను" అంది మెల్లగా.

"ఉండు. ఆయన్ను అడిగొస్త."

చెలకకు అడ్డంపడి నడుచుకుంటూ సమాధి దగ్గరికి పోయింది. తలవైపు రాయి పక్కన గొంతుకూచుంది. మేమిద్దరం, నేనూ సర్వేయరూ, గట్టు మీద నిలబడ్డాం. మాటలు వినబడలేదు. చేతులు తిప్పడం కనబడింది. ఒకసారి మా వైపు చూపించింది, ఒకసారి మడి వైపు. మధ్యలో గొంతు పెద్దది చేసింది, కొట్లాడుతున్నట్టే ఉంది. సర్వేయరు, "మేడం, నేనే జెర సరిగ్గ చెప్తె అయిపోయేది" అన్నాడు. "నువ్వు సరిగ్గనే చెప్పినవ్, నేనే లోతెంతని అడిగిన" అన్నాను.

చాలాసేపటికి లేచి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చింది.

"ఒప్పుకున్నడు" అంది. "ముందైతె లొల్లి వెట్టిండు. మడి ఇయ్య, నన్నే తీసెయ్యుమను, నేనెట్లన్న పోయినోన్ని, నీకు బువ్వెట్ల అన్నడు. నువ్వు ఊకో, నాకు రేషన్ బియ్యమస్తయి, నువ్వు ఏడికి పోతవన్న. బతికున్నప్పుడు గూడ గంతే, ఎగిరి ఎగిరి ఆఖరుకు నా మాటనే ఇంటుండె."

నేను కాగితాలు తీశాను. సవరించిన మ్యాపు విప్పాను.

"ఇంకోటి అడిగిండు" అంది. "బొందను గుంతని రాసింది ఎవ్వలే అన్నడు."

సర్వేయరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఏం చెప్పినవ్ అవ్వా?" అన్నాను.

"ఎవలో దూరపోళ్ళు, మన మాట తెల్వనోళ్ళు రాసిండ్రని చెప్పిన. మన సిరిసిల్ల బిడ్డే ఎరుకుండి రాసిందంటె ఆయన పానం ఊకుంటదా?" బొటనవేలు చీరకు తుడుచుకుంది. "గిన్నేండ్ల కాపురంల ఆయనకు ఒక్క అబద్ధం చెప్పలే బిడ్డా. గిదే మొదలు. ఏడ ఎయ్యాలె ముద్ర, చూపెట్టు."